పదకొండు సార్లు పేగు కడిగించుకున్నాక నా రివ్యూ

ముందు డబ్బు లెక్క చెప్పేస్తాను. అనంతపురంలోనే ఒక సెంటర్‌లో కోలన్ హైడ్రోథెరపీ (అంటే నీళ్లతో పెద్దపేగు కడగడం) పదకొండు సెషన్లు, ఒక్కోటి 1500 రూపాయలు, మొత్తం 16,500. పన్నెండోది ఫ్రీ అన్నారు. అది ఇంకా వాడుకోలేదు. మొదటి సెషన్ 2022 జూన్‌లో. అంటే ఇది వారం రోజుల ముచ్చట చూసి రాస్తున్నది కాదు.

నేను టీచర్ని. ఎనిమిదేళ్లు ఊరికి దూరంగా ఉన్న ఒక బడిలో పనిచేశాను. పొద్దున 6:40 బస్సు ఎక్కాలి. ఇంట్లో టైం చాలదు, బడిలో బాత్రూం ఉంది కానీ నీళ్లు లేవు. సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆపుకోవడమే. మా స్టాఫ్‌రూంలో ఆడవాళ్లందరిదీ ఇదే కథ, ఎవరూ పైకి అనుకునేవాళ్లం కాదు. రెండు మూడేళ్లకు నాకు అసలు రావడమే మానేసింది. నాలుగు రోజులకోసారి, అదీ అరగంట యుద్ధం. కడుపు ఉబ్బరం, తలనొప్పి, ఎవరిమీదో ఒకరిమీద చిరాకు. మా అత్తమ్మ మాత్రం "రాగి ముద్ద తినేటోళ్లకు ఈ రోగం యాడిది? మీరు అన్నం మరిగినారు గాబట్టి" అని ఒక్క మాటలో తేల్చేసేది. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు.

సెషన్ ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే అందరికీ భయం దాని గురించే. పక్కకు తిరిగి పడుకోబెడతారు. వేలంత లావు ప్లాస్టిక్ గొట్టం జెల్లీ రాసి లోపలికి పెడతారు. దానికి రెండు పైపులు, ఒకదాంట్లో నీళ్లు లోపలికి పోతాయి, ఇంకోదాంట్లో మురికి బయటికి వస్తుంది. నీళ్లు ఒంటి వేడికి సమానంగా, మిషన్ మీద 37 డిగ్రీలు చూపించేది. నింపడం, ఆపడం, వదలడం, ఇలా ముప్పావుగంట. వాసన ఉండదు, ఒళ్లు కనిపించకుండా దుప్పటి కప్పుతారు. నొప్పి కూడా నేను భయపడినంత లేదు. నిండినప్పుడు మాత్రం మెలిపెట్టినట్టు ఒక కడుపునొప్పి వస్తుంది, అది వదలగానే పోతుంది. అక్కడ పనిచేసే అమ్మాయి మంచిది. పొట్ట మీద మెల్లగా రుద్దుతూ "ఇంగ అయిపోయిందక్కా, ఒక్క నిమిషం" అనేది. ఆ ఒక్క నిమిషం ఎప్పుడూ అయిదు నిమిషాలే.

మొదటిసారి బయటికొచ్చాక గాల్లో నడిచినట్టుంది. మరుసటి రోజు తూకం చూస్తే కిలోకు పైగా తగ్గాను. మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను. మూడో రోజుకు ఆ కిలో వచ్చేసింది, ఉబ్బరం కూడా వచ్చేసింది. రెండో సెషన్‌కు ఫోన్ చేశాను. ఈ వరస పది నెలలు నడిచింది.

ఇక నాకు నచ్చనివి. పేగు నుంచి వచ్చేది కనిపించేలా మిషన్‌కు ఒక గాజు గొట్టం, దాని వెనక లైటు ఉంటాయి. తెల్లగా తీగల్లాగా ఏదో పోతుంటే "చూడండి, ఏళ్ల తరబడి గోడకు అంటుకున్న మలం" అని మేనేజర్ చెప్పేవాడు. నేను నమ్మాను. తర్వాత డాక్టరమ్మను అడిగితే నవ్వింది. కెమెరా పెట్టి రోజూ పేగులు చూసేవాళ్లకు గోడలకు పేరుకుపోయిన ఏళ్లనాటి మలం కనపడదట, ఎందుకంటే పేగు లోపలి పొర కొన్ని రోజులకోసారి రాలిపోయి కొత్తది వస్తుంటుంది. ఆ తీగలు పేగు తయారుచేసుకునే జిగురే.

పేగులో మలం నిలిచిపోతే "విషాలు రక్తంలోకి పోతున్నాయి" అని ఇలాంటి చోట్ల చెప్పే మాటకైతే వందేళ్లు దాటింది. అమెరికాలో జాన్ హార్వే కెల్లాగ్, అదే కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగ్, తన ఆరోగ్యాశ్రమంలో ఈ సిద్ధాంతంతోనే అందరికీ ఎనిమాలు (కింది నుంచి నీళ్లు ఎక్కించి పేగు ఖాళీ చేయించడం) ఇచ్చేవాడు. 1919లో వాల్టర్ అల్వరేజ్ అనే డాక్టరు దాన్ని కాదన్నాడు. తలనొప్పి, మబ్బు వచ్చేది విషం వల్ల కాదు, నిండిన పేగు నొక్కడం వల్ల అన్నాడు. మలాశయంలో ఊరికే దూది కుక్కినా అవే లక్షణాలు వచ్చాయని ఆ రోజుల్లోనే చూశారు. ఇది చదివాక నా గాల్లో నడక ఏంటో అర్థమైంది. గాలి, బరువు తగ్గాయి, అంతే. తగ్గినట్టు అనిపించింది మాత్రం అబద్ధం కాదు.

అసలు కోపం ఫారం దగ్గర. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, హెర్నియా, మొలలు, పేగు ఆపరేషన్, గర్భం... వీటన్నిటికీ ఎదురుగా రిసెప్షన్‌లో వాళ్లే "లేదు" అని టిక్కులు పెట్టి సంతకం చేయమన్నారు. నాకేం లేవు కాబట్టి బతికిపోయాను. ఏడో సెషన్ తర్వాత బస్టాండులో కళ్లు తిరిగాయి, రాత్రంతా కాళ్లు పట్టేశాయి. అంత నీళ్లు పోసి తీస్తే ఒంట్లో సోడియం, పొటాషియం లెక్క తప్పొచ్చని ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి ఓఆర్‌ఎస్ తాగి పడుకున్నాను. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు ఇదే చాలా ప్రమాదం. పేగుకు చిల్లు పడిన కేసులూ ఉన్నాయి. శుభ్రత సంగతి ఇంకా పెద్దది. అమెరికాలో కొలరాడోలో 1978-80 మధ్య ఒక క్లినిక్‌లో పేగు కడిగించుకున్నవాళ్లలో 36 మందికి అమీబా వ్యాధి వచ్చింది, పేగు తీసేయాల్సి వచ్చిన పదిమందిలో ఆరుగురు చనిపోయారు. మిషన్ సరిగా శుభ్రం కాలేదు. నేను ఈ విషయం తెలియకుండానే ప్రతిసారీ గొట్టం ప్యాకెట్ నా కళ్లముందు విప్పమనేదాన్ని. మా అమ్మ నేర్పిన చాదస్తం పనికొచ్చింది.

తర్వాత డబ్బు దండగని ఎనిమా డబ్బా కొన్నాను. రెండు మూడు వందల రూపాయల వస్తువు. మన వైపు ప్రకృతి వైద్యం కార్యక్రమాలు టీవీలో చూసి ఎన్ని ఇళ్లల్లో బాత్రూం మేకుకు ఇది వేలాడుతుందో లెక్కలేదు. మొదట వారానికి ఒకసారి, తర్వాత రెండుసార్లు. ఆరు నెలలకు అది లేకుండా అసలు బయటికి రాని పరిస్థితి. పెళ్లికి పోతే బ్యాగులో డబ్బా పెట్టుకుని పోయాను, కడపలో చుట్టాల ఇంట్లో దాన్ని దాచిపెట్టడానికి నేను పడ్డ తిప్పలు దేవుడికే తెలుసు. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

2023 నవంబరులో డాక్టరమ్మ దగ్గరికి పోయాను. అయిదు నిమిషాల్లో అడిగిన ప్రశ్నలు సెంటర్‌లో పది నెలల్లో అడగలేదు. రక్తం పడుతోందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు? రక్తం తక్కువని రోజూ ఐరన్ మాత్ర వేసుకునేదాన్ని, మలబద్ధకానికి అదీ ఒక కారణం. రోజు విడిచి రోజు చేసింది. థైరాయిడ్, షుగర్ చూశారు, బాగున్నాయి. తర్వాత వేలితో పరీక్ష చేస్తూ ముక్కమంది. "టీచరమ్మా, మీరు తోస్తూనే తలుపు బిగించుకుంటున్నారు" అంది. వదులు కావాల్సిన కండరం ఎనిమిదేళ్లు బిగబట్టి బిగబట్టి, వదలడం మరిచిపోయిందట. తలుపు దగ్గరి సమస్యకు నేను పదకొండుసార్లు ఇల్లు కడిగించుకున్నాను.

దీనికి బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది, పెద్ద ఊర్లలో చేస్తారు. నాకు ముందు ఇంట్లో చేసుకునేవి చెప్పింది. నోరు మూసుకుని ముక్కకూడదు, పొట్ట ఉబ్బేలా ఊపిరి తీసుకుని మెల్లగా వదలాలి. కాళ్ల కింద జానెడు ఎత్తు స్టూలు పెట్టుకోవాలి. మా పిల్లోడి పాత ప్లాస్టిక్ స్టూలు సరిపోయింది. అత్తమ్మ మోకాళ్ల కోసమని 2019లో ఇంట్లో నేల దొడ్డి తీసేసి వెస్ట్రన్ కమోడ్ పెట్టించాం. గొంతుకూర్చుంటే పేగు చివరి వంపు కాస్త తిన్నగా అవుతుంది. ఆ లాభం పోగొట్టుకున్నది ఇంట్లో మిగిలిన అందరం. తిన్న కాసేపటికి పెద్దపేగు కదులుతుంది కాబట్టి, టిఫిన్ తర్వాత పది నిమిషాలు, వచ్చినా రాకున్నా కూర్చోమంది. అంటే 6:40 బస్సు వదిలేసి 7:20 బస్సు పట్టుకోవాలి. హెడ్మాస్టరు గారితో మాట్లాడటానికి నాకు సెంటర్‌లో బట్టలు విప్పినదానికంటే ఎక్కువ సిగ్గేసింది. ఆయన మాత్రం "సరేమ్మా, ఫస్ట్ పీరియడ్ మార్చుకుందాం" అన్నారు. ఇంత సులభమా అనిపించింది.

ఇసబ్‌గోల్ కూడా వాడుతున్నాను. ఒక హెచ్చరిక. ఇది నీళ్లు పీల్చి ఉబ్బే పొట్టు, పెద్ద గ్లాసు నీళ్లు లేకుండా వేసుకుంటే ఇంకా గడ్డకడుతుంది. మే నెలలో మన ఎండలకు తక్కువ నీళ్లతో వేసుకుని మూడు రోజులు నరకం చూశాను. తిండిలో అత్తమ్మ చెప్పిందే గెలిచింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలో వంద గ్రాముల రాగుల్లో 11 గ్రాములు పీచు ఉంటే, పాలిష్ బియ్యంలో మూడు కూడా లేదు. వారంలో నాలుగు రోజులు రాత్రికి సంగటి, పుండికూర పప్పు, ఊరుబిండి. ఈ పట్టిక అత్తమ్మకు చూపించలేదు, చూపిస్తే ఇంక నన్ను బతకనివ్వదు.

రేటింగ్ అడిగితే, హాయిగా అనిపించడానికి అయిదుకు మూడు, జబ్బుకు సున్నా. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లే కింది నుంచి నీళ్లతో పేగు ఖాళీ చేసుకోవడం నేర్పుతారు, అది వేరే సంగతి, దానికి ఈ రివ్యూ వర్తించదు. రక్తం పడుతున్నవాళ్లు, బరువు తగ్గుతున్నవాళ్లు, నలభై అయిదు దాటాక కొత్తగా తేడా వచ్చినవాళ్లు మాత్రం సెంటర్ గడప తొక్కకుండా నేరుగా డాక్టరు దగ్గరికి పోండి.

డబ్బా వాడి ఏడాది దాటింది. సెంటర్ వాళ్లు ఇప్పటికీ పండగ పండక్కీ ఫోన్ చేస్తారు, "మేడం, మీ ఫ్రీ సెషన్ ఒకటి పెండింగ్‌లో ఉంది" అని. మొన్న సంక్రాంతికి కూడా చేశారు. టిఫిన్ అయింది, నా పది నిమిషాల టైం అది, ఎత్తలేదు.