వాషింగ్ మెషీన్‌కు 78 వారాల అద్దె: రెంట్ టు ఓన్ దుకాణంతో మా మూడేళ్ల అనుభవం

అమెరికాలో ఒక రెంట్ టు ఓన్ దుకాణంతో, అంటే వస్తువును వారం వారం అద్దెకిచ్చి, గడువు దాకా కడితే మన సొంతం చేసే దుకాణంతో, మూడేళ్లకు పైగా లావాదేవీ నడిపాం. ఒక సోఫా, ఒక టీవీ, వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ జత తెచ్చుకున్నాం. టీవీని తిప్పి పంపేశాం. సోఫాను గడువుకు ముందే కొనేశాం. వాషింగ్ మెషీన్‌కు మాత్రం చివరి వారం దాకా కట్టాం. ఈ ఒప్పందాలు మామూలుగా ముగిసేది ఈ మూడు విధాలుగానే. మూడూ మాకు అనుభవమే కాబట్టి, అక్కడికి వెళ్దామా అని ఆలోచిస్తున్నవారి కోసం ఇది వివరంగా రాస్తున్నాను.

మేము వెళ్లడానికి కారణం సులభంగానే చెప్పవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లం, క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు తీసుకుని తీర్చిన రికార్డు, లేదు. మామూలు దుకాణాల్లో వాయిదాలకు దరఖాస్తు చేస్తే రెండు చోట్లా తిరస్కరించారు. ఇంట్లో ఏడాది బిడ్డ. ఉతికే బట్టల మూటతో రోజు విడిచి రోజు నాణేలు వేసే లాండ్రీకి వెళ్లి, అక్కడ గంటన్నర కూర్చోవాల్సి వచ్చేది. రెంట్ టు ఓన్ దుకాణంలో అడిగినవి గుర్తింపు కార్డు, జీతం రశీదు, చిరునామాకు ఒక రుజువు, తెలిసినవారి ఫోన్ నంబర్లు నాలుగు. మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చి మెషీన్ బిగించి, నీళ్ల గొట్టం కారడం లేదని చూపించి మరీ వెళ్లారు. ఆ రాత్రి వరుసగా మూడు విడతలు బట్టలు ఉతికాం. ఆ సంతోషాన్ని ఈరోజుకీ తక్కువ చేసి చెప్పలేను.

ఇక లెక్క. దుకాణంలో పెద్ద అక్షరాల్లో కనిపించేది వారం అద్దె ఒక్కటే. మా జతకు వారానికి 30 డాలర్లు, 78 వారాలు. అంటే 2,340 డాలర్లు. అదే దుకాణం అదే జతకు రాసిన రొక్కం ధర 1,300. మామూలు దుకాణంలో దాదాపు అలాంటి జతే 900కు దొరికేది. దీనికి తోడు, వస్తువు కాలిపోయినా దొంగలు ఎత్తుకెళ్లినా మనమీద భారం పడకుండా వారానికి మరో 3 డాలర్లు. ఈ రుసుము తప్పనిసరి కాదని ఒప్పందంలోనే రాసి ఉంది. కౌంటర్‌లో కూర్చున్న మనిషి మాత్రం ఆ మాట చెప్పలేదు, అద్దెలో భాగం అన్నట్టే కలిపి రాసేశాడు. నాలుగో నెలలో కాగితాలు తీరిగ్గా చదివినప్పుడు గానీ నాకు తెలియలేదు. తీసేయమంటే ఆ వారమే తీసేశారు.

ఆ కాగితాల్లో ‘వడ్డీ’ అన్న మాట ఎక్కడా లేదు. ఎప్పుడంటే అప్పుడు వెనక్కి ఇచ్చే వీలుంది కాబట్టి ఇది అప్పు కాదు, అద్దె అన్నది ఈ వ్యాపారం వాదన. చాలా రాష్ట్రాల చట్టాలు దాన్ని ఒప్పుకున్నాయి. అందుకే అప్పు ఇచ్చేవాళ్లు చూపాల్సిన వార్షిక వడ్డీ శాతాన్ని వీళ్లు చూపనక్కర్లేదు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు మాత్రం 2006లో వేరే దారి పట్టింది. ఇలాంటి ఒప్పందం వాయిదాల అమ్మకమే అవుతుందనీ, రాష్ట్రంలో వడ్డీకి ఉన్న ఏడాదికి 30 శాతం పరిమితి దీనికీ వర్తిస్తుందనీ తీర్పు చెప్పింది. మా ఒప్పందాన్ని నేను అలాగే అప్పుగా భావించి లెక్క వేసి చూశాను. 900 డాలర్ల వస్తువుకు వారానికి 30 చొప్పున 78 వారాలు కడితే వడ్డీ వారానికి నూటికి 3 పడుతుంది. ఏడాదికి 156. కాగితం మీద ఆ అంకె వేసుకున్న రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అయినా ఈ వ్యాపారాన్ని పూర్తిగా మోసమని కొట్టిపారేయలేను. కారణం మా 31వ వారం. అప్పుడు ఉద్యోగం పోయింది. మామూలు అప్పయితే బకాయి పెరిగేది, వసూలు చేసేవాళ్ల చేతికి వెళ్లేది, మచ్చ ఏళ్ల తరబడి ఉండేది. ఇక్కడ ఫోన్ చేసి కట్టలేమని చెప్పాం, వచ్చి మెషీన్ తీసుకెళ్లారు. అంతే. ఒక్క డాలరు బాకీ మిగల్లేదు. తొమ్మిది వారాల తర్వాత కొత్త ఉద్యోగం దొరికింది. వెళ్లి అడిగితే, అప్పటికి కట్టిన 930 డాలర్లూ లెక్కలో ఉంచి 32వ వారం నుంచి మొదలుపెట్టారు. పాత మెషీన్ అప్పటికే మరొకరి ఇంటికి చేరింది. మాకు వచ్చింది అదే స్థాయిది, ఇంకెవరో వాడి తిప్పి పంపినది. దాని డ్రమ్ములో పరాయి ఇంటి సబ్బు వాసన వారం రోజులు పోలేదు. రెండు నెలలకు నీళ్లు తోడే పంపు చెడిపోతే మెకానిక్ వచ్చి డబ్బు అడక్కుండా మార్చి వెళ్లాడు.

అంటే ఈ దుకాణం నిజంగా అమ్ముతున్నది తిప్పి ఇచ్చే స్వేచ్ఛ. దాని ఖరీదే వారం అద్దెలో దాక్కుని ఉంది. ఆ స్వేచ్ఛను వాడుకునేవారికి అది ఎంతో కొంత గిట్టుబాటు. కానీ వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2000లో ఈ దుకాణాల ఖాతాదారులపై విడుదల చేసిన సర్వేలో, అద్దెకు వెళ్లిన వస్తువుల్లో సుమారు 70 శాతం చివరికి ఖాతాదారులే కొనుక్కున్నారని తేలింది. ఎక్కువమంది మొదటి రోజే వస్తువును సొంతం చేసుకోవాలనుకుని వెళ్తున్నారు, వాడుకోని స్వేచ్ఛకు ప్రతి వారం డబ్బు కడుతున్నారు. నాకు అన్యాయంగా తోచేది ఇదే. అదే సర్వేలో సుమారు 75 శాతం మంది తృప్తిగా ఉన్నామన్నారని కూడా చెప్పాలి. మొదటి రాత్రి మూడు విడతల బట్టలు గుర్తొస్తే అదీ అర్థమవుతుంది.

సోఫా విషయంలో మేము కాస్త తెలివిగా మెలిగాం. వారానికి 25 చొప్పున 52 వారాలు. ఇరవై వారాలు కట్టేసరికి పన్ను వాపసు చేతికొచ్చింది. మా ఒప్పందం ప్రకారం, మిగిలిన అద్దెల మొత్తంలో సగం ఒకేసారి కడితే వస్తువు మనదే. మిగిలింది 800, కట్టింది 400. మొత్తం 900 అయింది, చివరిదాకా లాగి ఉంటే 1,300 అయ్యేది. మొదటి 120 రోజుల్లోనే తీర్చేస్తే రొక్కం ధరకే వస్తువు ఇచ్చే వెసులుబాటు కూడా ఆ దుకాణంలో ఉండేది. ఇవన్నీ కాగితంలో ఉంటాయి, అడిగితే చెప్తారు. అడగనివారికి వాళ్లంతట వాళ్లు గుర్తు చేయరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పన్ను వాపసుగా చేతికి కొంత డబ్బు వస్తుందనుకుంటే, ఈరోజు తీర్చేస్తే ఎంత అవుతుందో ముందే అడిగి రాయించుకోండి.

టీవీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వారానికి 15 చొప్పున 21 వారాలు, 315 డాలర్లు, ఆపై వాపసు. దాని బదులు చిన్న టీవీ ఒకటి కొనుక్కుని ఉండవలసింది.

కంప్యూటర్ మాత్రం అద్దెకు తీసుకోలేదు. 2012లో ఇలాంటి ఏడు సంస్థల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుందని అప్పటికే చదివాను. అద్దెకిచ్చిన కంప్యూటర్లలో దాచిపెట్టిన సాఫ్ట్‌వేర్ ఖాతాదారులు టైపు చేసే అక్షరాలను, తెర మీది చిత్రాలను, చివరికి వెబ్‌క్యామ్‌తో ఇంట్లోని మనుషుల ఫొటోలను కూడా పట్టుకునేదట. సొంతమయ్యేదాకా వస్తువు వాళ్లదే అన్న మాట ఎంత దూరం పోగలదో దాన్నిబట్టి తెలుస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు, ఫోన్లు. ఒక శనివారం అద్దె ఒక రోజు ఆలస్యమైంది. మధ్యాహ్నంలోగా నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. నేను పనిలో ఉండి ఎత్తలేదు. వెంటనే, చేరినప్పుడు ఇచ్చిన నంబర్లలో ఒకరికి చేసి నేను ఎక్కడున్నానని అడిగారు. ఆయన మా ఆఫీసులో నాకంటే పెద్దవారు. సోమవారం ఆయన కంగారుగా, ‘అంతా బాగానే ఉందా?’ అని అడిగినప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మేనేజరును కలిసి ఆ నంబర్లన్నీ తీసేయించాను. ఇకపై అద్దె గురించి నాకు తప్ప ఎవరికీ ఫోన్ చేయకూడదని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు తెచ్చుకున్నాను. ఆ తర్వాత మళ్లీ జరగలేదు. చేరేవారు ఈ పని మొదటి రోజే చేయడం మేలు.

78వ అద్దె కట్టిన రోజు మెషీన్ మాదేనని సంతకం చేసిన కాగితం ఇచ్చారు. అదే చేత్తో కొత్త మంచాల ధరల పట్టిక కూడా ఇచ్చారు. పట్టిక అక్కడే వదిలేశాం. ఈ మధ్య డ్రయ్యర్ బెల్టు తెగింది. దుకాణం ఉచిత మరమ్మతు సొంతం అయిన రోజుతోనే ముగుస్తుంది కాబట్టి ఈసారి ఖర్చు మాదే. బెల్టు తెప్పించి, ఆదివారం పూట వెనక పలక విప్పి నేనే మార్చాను. జత రెండూ ఇప్పుడు బాగానే తిరుగుతున్నాయి.