ఇంజిన్ రూమ్‌కి సీఓటూనా, ఎఫ్ఎం-200నా, వాటర్ మిస్టా: ఏది మేలు?

ఓడ ఇంజినీర్ల లైసెన్సు కోసం క్లాస్ ఫోర్ పరీక్షకి చదువుతున్న కుర్రాళ్లు ఏడాది పొడుగునా అడిగే ప్రశ్న ఇది. ఓడ ఇంజిన్ రూమ్‌లో మంటని ఏది గట్టిగా ఆర్పుతుందని అడుగుతారు. సరిగ్గా బిగిస్తే అన్నీ ఆర్పుతాయి. నేను చూసేది ఒక్కటే: లోపల మనిషి ఉండగా వదిలితే ఏమవుతుంది?

సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్, చవక, మరక మిగల్చదు, ఓడలో కరెంటు పోయినా పనిచేస్తుంది. సరుకు ఓడల్లో ఇప్పటికీ రాజ్యం దానిదే. కానీ మంట ఆరాలంటే ఇంజిన్ రూమ్‌లో 35 నుంచి 40 శాతం గ్యాస్ నిండాలి, అందులో 85 శాతం రెండు నిమిషాల్లోపు లోపలికి చేరాలి. ఇది ఓడల భద్రతకి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ లెక్క. గాలిలో సీఓటూ 10 శాతం దాటితే చాలు మనిషి స్పృహ తప్పుతాడు, 17 దాటితే నిమిషంలో ప్రాణం పోవచ్చు.

గ్యాస్ వదిలే ముందు అలారం కనీసం 20 సెకన్లు మోగాలి. ఇంధనాన్ని శుద్ధి చేసే ప్యూరిఫయర్ రూమ్‌లో చెవులకి మఫ్స్ పెట్టుకుని ఫిల్టర్ విప్పుతున్నవాడు అది విని, స్పానర్ పడేసి, అడుగు ప్లేట్ల నుంచి నిచ్చెన మీద నిచ్చెన ఎక్కి డెక్ మీదికి రావాలి. 20 సెకన్లలో ఎక్కి చూపించమనండి!

అందుకే హెడ్‌కౌంట్ తేలేదాకా చీఫ్ ఇంజినీర్ గ్యాస్ వదిలే హ్యాండిల్ ముట్టుకోడు, ముట్టుకోకూడదు కూడా. ఒక్క ఫిట్టర్ లెక్కకి రాకపోయినా వెతకాల్సిందే. ఈలోగా మంట కేసింగ్ (ఇంజిన్ రూమ్ పైన పొగగొట్టం దాకా ఉండే గూడు) పట్టుకుని పైకి పాకుతుంది. వదలడానికి ఉన్నదేమో ఒక్క విడతే.

పోనీ మంటలున్నప్పుడే ప్రమాదమా అంటే అదీ కాదు. 2019 మేలో చైనాలోని షాన్‌డాంగ్ తీరంలో మరమ్మతుకి ఆగిన జిన్‌హైషియాంగ్ ఓడలో సీఓటూ వెలువడి 10 మంది చనిపోయారు, 19 మంది గాయపడ్డారు. అమెరికా పర్యావరణ సంస్థ 2000లో ఇలాంటి సీఓటూ ప్రమాదాలని నేల మీదివీ నీటి మీదివీ కలిపి లెక్కేస్తే 119 చావులు తేలాయి. ప్రమాదాల్లో ఎక్కువభాగం మరమ్మతుల సమయంలోనివే.

మంటలార్పే రసాయనాలు ఎఫ్ఎం-200, నోవెక్ ఇంతకన్నా నయం. మొదటిది 8, 9 శాతం చాలు, నోవెక్‌కి 6 లోపే. మనిషికి హాని లేదనే హద్దు నోవెక్‌కి 10 శాతం కనుక వెసులుబాటు ఎక్కువ. అలాగని లోపల ఉండిపోకూడదు, మంట తగిలితే రెండూ హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుట్టిస్తాయి. సీఓటూ కాకపోతే చాలనుకునేవాళ్లు రష్యా జలాంతర్గామి నెర్పాని తలుచుకోవాలి. 2008 నవంబరు 8న జపాన్ సముద్రంలో పరీక్షల్లో ఉండగా ఆర్పే ఫ్రియాన్ గ్యాస్ అనుకోకుండా విడుదలై, లోపలున్న 208 మందిలో 20 మంది పోయారు. వాళ్లలో 17 మంది నావికులు కారు, షిప్‌యార్డు తరఫున ఎక్కినవాళ్లు. ఆ జలాంతర్గామే తర్వాత ఐఎన్ఎస్ చక్రగా 2012లో మన విశాఖ చేరింది.

మంటలార్పే పాతకాలం గ్యాస్ హాలాన్ సంగతి అనవసరం, 1994 అక్టోబరు నుంచి ఓడల్లో కొత్తగా పెట్టనివ్వట్లేదు. నైట్రోజన్ లాంటి ఇనర్ట్ గ్యాస్‌కి బాటిళ్లు పెట్టే చోటే దొరకదు.

నా ఓటు వాటర్ మిస్ట్‌కే, అంటే సన్నటి తుంపరగా నీళ్లు చల్లే పద్ధతికే. పంపు కావాలి, కరెంటు కావాలి, నాజిళ్లు పూడుకుపోకుండా చూసుకోవాలి, ఖర్చూ తక్కువ కాదు. యంత్రాల చాటున దాక్కున్న చిన్న మంటకి అంత తొందరగా లొంగదు కూడా. అయినా లెక్క తేలేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు, మంట చిన్నగా ఉండగానే తిప్పేయొచ్చు. నీళ్లున్నంతసేపూ కొడుతూనే ఉంటుంది.

ఎక్కబోయే ఓడలో ఉన్నది సీఓటూనే అయితే, సర్వీసు వాళ్లు బాటిళ్ల మీద చెయ్యి వేసే రోజు ఇంజిన్ రూమ్ ఖాళీ చేయించండి. గ్యాస్ వెలువడిన చోటికి ఆక్సిజన్ మీటర్ ఒక్కటే పట్టుకుని దిగకండి. గాలిలో సీఓటూ 10 శాతం చేరినా ఆ మీటర్ ఇంకా 19 దగ్గరే చూపిస్తుంది. సీఓటూ కొలిచే మీటర్ విడిగా ఉండాలి.