మెటల్ గేర్ సాలిడ్: ఏళ్లుగా ఆడుతూ, ఇప్పుడు తమ్ముడితో ఆడిస్తూ

మెటల్ గేర్ అనే వీడియో గేముల సిరీస్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చాలామంది ఇచ్చే సలహా, కథ జరిగిన కాలం ప్రకారం ఆడమని. అంటే 1964లో జరిగే మూడో భాగం ముందు, మిగతావి తర్వాత. నేను మాత్రం విడుదలైన వరసలోనే ఆడమంటాను. 1998లో సోనీ వాళ్ల గేమింగ్ మెషిన్ ప్లేస్టేషన్‌కు వచ్చిన మెటల్ గేర్ సాలిడ్‌తో మొదలుపెట్టండి. ఈ సిరీస్‌లో ఒక ఆట వేసే ఎత్తు, అంతకుముందు ఆట మీకు తెలిసుంటేనే పారుతుంది. పైగా మీరు ఆటలో చేసిన పనులన్నీ ఇది గుర్తుపెట్టుకుంటుంది, సమయం చూసి మీ ముందు పెడుతుంది. ఇన్నేళ్లయినా నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

దీని పుట్టుక 1987లో, ఎంఎస్ఎక్స్2 అనే హోం కంప్యూటర్ మీద. కొనామీ అనే జపాన్ గేముల కంపెనీలో హిదెయో కొజిమా అనే డిజైనర్‌కు ఒక యుద్ధం ఆట అప్పగించారు. శత్రువులూ తూటాలూ ఒకేసారి ఎక్కువగా కనిపిస్తే ఆ మెషిన్ మోయలేదు. దాంతో ఆయన పోరాడే ఆటను పక్కనపెట్టి, ఎవరి కంటా పడకుండా లోపలికి చొరబడే ఆట తయారుచేశాడు. అదీ, దాని తర్వాతి మెటల్ గేర్ 2 కూడా, పాత ఆటలను ఒకచోట చేర్చి 2023లో తెచ్చిన మాస్టర్ కలెక్షన్ మొదటి సంపుటిలోనే ఉన్నాయి, కానీ వాటిని తర్వాత చూసుకోవచ్చు.

మొదటి సాలిడ్‌లో బొమ్మలు మొరటుగా ఉంటాయి, మనుషులకు కళ్లు కూడా సరిగా కనిపించవు. మొదట్లోనే వచ్చే హెలిప్యాడ్ దగ్గర కాసేపు ఆడితే ఆ సంగతి మర్చిపోతారు. అలాస్కాలో ఓ దీవి, రాత్రి, మంచు కురుస్తుంటుంది. మంచులో నడిస్తే మీ అడుగుల గుర్తులు పడతాయి. కాపలావాడు వాటిని చూసి ఆగుతాడు, ఒక్కో అడుగూ పట్టుకుని మీరు దాక్కున్న చోటికే వస్తాడు. 1998 నాటి ఆటలో ఇంత ఆలోచన ఉందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. మనసులు చదివే సైకో మాంటిస్ అనే శత్రువైతే మీ మెమొరీ కార్డు చదివి, మీరు ఇంకే ఆటలు ఆడారో మీ మొహం మీదే చెబుతాడు. కంట్రోలర్‌ను రెండో పోర్టులోకి మారిస్తేగానీ వాడికి మీ ఎత్తుగడ తెలియకుండా పోదు. ఇంకో మాట, మెరిల్ అనే పాత్రతో రేడియోలో మాట్లాడటానికి కావాల్సిన ఫ్రీక్వెన్సీ సీడీ పెట్టె వెనకాల ఉందని ఆటలో చెబుతారు. సీడీ లేకుండా కొనేవాళ్లు రాసిపెట్టుకోండి: 140.15.

రెండో భాగం 2001లో ప్లేస్టేషన్ 2 (పీఎస్2)కు వచ్చింది. కాపలావాళ్లు ఇక్కడ వేళకు వేళ రేడియోలో కబురు పంపుతుంటారు. ఒకణ్ని పడుకోబెడితే కాసేపటికి వాడి కోసం వెతుకులాట మొదలవుతుంది. అదే ముందుగా వాడి రేడియోను కాల్చేస్తే వాడు సాయం పిలవలేడు. హీరో విషయంలో ఈ ఆట ఓ పెద్ద మెలిక పెట్టింది, అప్పట్లో చాలామంది కోపం తెచ్చుకున్నారు. మొదటి భాగం ఆడినవాళ్లకు మాత్రమే ఆ మెలిక ఎందుకుందో పట్టుబడుతుంది. చివర్లో చెత్త సమాచారం కుప్పలుగా పేరుకుపోయి నిజం వాటికింద పూడిపోతుందన్న చర్చ ఒకటి వస్తుంది. 2001లో రాసిన ఆ మాటలు, ఇప్పుడు పొద్దున లేవగానే ఫోన్ పట్టుకునే మనకు సూటిగా తగులుతాయి.

ఇక మూడో భాగం, స్నేక్ ఈటర్. 2004లో వచ్చింది. సిరీస్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే, వీడియో గేముల్లోనే ఇంతకు మించింది నేను ఆడలేదు. సోవియట్ అడవి, దాక్కోవడానికి గోడలు లేవు. ఒంటిమీది బట్టా మొహానికి పూసిన రంగూ చుట్టుపక్కల చెట్టూచేమల్లో ఎంతమేరకు కలిసిపోయాయో తెర పైన శాతంలో కనిపిస్తుంటుంది. గడ్డిలో బోర్లా పడుకుని 90 దాటిందనుకోండి, కాపలావాడు మీ పక్కనుంచే నడిచిపోతాడు. ఆ క్షణంలో ఇంట్లో ఫోన్ మోగినా నాకు టెన్షనే.

తిండి కూడా మీరే వెతుక్కోవాలి. పామును పట్టాలి, చేపను పట్టాలి. కడుపు మాడితే మీరు ఆడించే హీరో స్నేక్ పొట్టలోంచి వచ్చే శబ్దం కాపలావాళ్లకు వినిపిస్తుంది. ఇదే లెక్క అవతలివాళ్లకూ ఉంది. వాళ్ల సరుకుల గోదాము పేల్చేస్తే వాళ్లు ఆకలితో నీరసపడతారు. అప్పుడు కుళ్లిన తిండి విసిరితే దాన్నే తిని కడుపు పట్టుకుంటారు. ది ఎండ్ అనే ముసలి స్నైపర్‌తో పోరు మూడు అడవి మ్యాపుల్లో సాగుతుంది. నేనైతే మైక్రోఫోన్‌తో అతని ఊపిరి వింటూ, థర్మల్ గాగుల్స్‌తో అడుగుజాడలు పట్టుకుంటూ ఓ మధ్యాహ్నమంతా గడిపాను. పోరు మధ్యలో సేవ్ చేసి వారం ఆగి వస్తే మాత్రం, అతను ముసలితనంతో పోయి ఉంటాడు. ఇలాంటి ఆలోచన ఎవరికి వస్తుంది చెప్పండి!

మా తమ్ముడు కర్నూలులో గేమింగ్ సెంటర్లలో షూటింగ్ ఆటలు ఆడి పెరిగినవాడు. స్నేక్ ఈటర్ ఇస్తే, కనిపించినవాణ్నల్లా కాల్చుకుంటూ పోయాడు. నేనేమీ అనలేదు. ఆటలో మూడొంతులు దాటాక ఒక నది వస్తుంది. అందులో నడవడం తప్ప చేసేదేమీ ఉండదు. మీరు అప్పటిదాకా ఎవరెవర్ని చంపారో వాళ్లందరూ ఎదురుగా నడిచొస్తారు, చచ్చినప్పటి గాయాలతోనే. ఎవర్నీ చంపనివాళ్లకు అది చిన్న నడక. మావాడికి మాత్రం ఎంతకీ తరగలేదు. "ఏందన్నా ఇది, వీళ్లంతా నేను చంపినోళ్లేనా?" అన్నాడు. మర్నాడే మళ్లీ మొదట్నుంచి, మత్తు తుపాకీ ఒక్కటే పట్టుకుని ఆడటం మొదలుపెట్టాడు. ఈ ఆట గురించి నేను ఎంత చెప్పినా ఆ నది చెప్పినంత చెప్పలేను.

నాలుగో భాగం 2008 నాటిది, ఏళ్ల తరబడి పీఎస్3 దాటి బయటికి రాలేదు. బెంగళూరులో మా మామ కొడుకు దగ్గర ఆడాను. చివరి సన్నివేశాలే కలిపి గంటకు పైన ఉంటాయి. మొదటి మూడూ ఆడినవాళ్లకే ఇది, వేరేవాళ్లకు అర్థంకాదు.

2015లో వచ్చిన ఐదో భాగం ఫాంటమ్ పెయిన్ ఆడటానికి అన్నిటికన్నా సుఖంగా ఉంటుంది. 1984 నాటి ఆఫ్ఘనిస్తాన్, విశాలమైన మైదానం, గుట్టలు. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాళ్ల మధ్య తిరిగినవాళ్లకు ఆ గుట్టలు చూస్తే మనూరి పక్కనే ఉన్నట్టుంటుంది. మీరు అదేపనిగా తలకు గురిపెడితే శత్రువులు హెల్మెట్లు పెట్టుకుంటారు, రాత్రిపూటే దాడి చేస్తుంటే నైట్ విజన్ గాగుల్స్ తెచ్చుకుంటారు. ఇక్కడా మీ అలవాట్లను గమనించేవాడు ఒకడున్నాడన్నమాట. కానీ కథ మధ్యలో ఆగిపోయినట్టే ఉంటుంది. రెండో అధ్యాయంలో పాత మిషన్లనే కష్టం పెంచి మళ్లీ ఆడమంటారు. అదే ఏడాది కొజిమా కొనామీని వదిలి వెళ్లిపోయాడు. కొత్తవాళ్లు దీంతో మొదలుపెడితే పాత భాగాల కంట్రోల్స్‌కు మళ్లీ అలవాటుపడలేరు, అందుకే దీన్ని చివరికి ఉంచుకోమంటున్నాను.

పాత కంట్రోల్స్ గురించి దాచాల్సిందేం లేదు. మొదటి రెండు మూడు రోజులు వేళ్లు మాట వినవు. ఓపిక పట్టండి, అలవాటవుతుంది. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. కోడెక్ (ఆటలోని రేడియో) సంభాషణలు చాలా పొడుగు, ఇంగ్లిష్ వేగంగా పోతుంది, కథంతా అక్కడే ఉంది. ఎండాకాలం మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్లు ఏరియా మారినప్పుడల్లా సేవ్ చేసుకోవాలి. సేవ్ చేసిన ఏరియా మొదట్నుంచే ఆట మళ్లీ మొదలవుతుంది గనుక, మధ్యలో చేసినా పెద్దగా కలిసిరాదు.

2025 ఆగస్టులో స్నేక్ ఈటర్‌నే డెల్టా పేరుతో కొత్తగా తీసుకొచ్చారు. అడవి చూస్తే కళ్లు తిప్పుకోలేం, కంట్రోల్స్ కూడా ఈ కాలానికి తగ్గట్టు మార్చారు. అయితే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మే నెలలో మామూలు గదిలో కూర్చుని ఆడితే లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టలేం. అంత మెషిన్ లేనివాళ్లు మాస్టర్ కలెక్షన్‌లోని పాత స్నేక్ ఈటర్ ఆడుకోవచ్చు. కథ అదే, డెల్టాలో వినిపించే గొంతులు కూడా అప్పట్లో రికార్డు చేసినవే.