అండమాన్ ఫెర్రీ టికెట్‌కు బదులు ‘వోచర్’ ఇచ్చే ఏజెంట్లతో జాగ్రత్త (చెన్నై నుంచి ఒంటరిగా వెళ్ళేవారికి)

చెన్నైలో ఉంటూ, తక్కువ ఖర్చులో ఒంటరిగా అండమాన్ దీవులు తిరిగి రావాలనుకుంటున్న తెలుగువారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. దీవుల మధ్య ఫెర్రీలు, హాస్టల్ పడకలు అన్నీ కలిపి ఒకే ధరకు ఇస్తామనే ఏజెంటు ఎవరైనా మీతో మాట్లాడుతూ ఉంటే తప్పకుండా చదవండి. నాకు అమ్మిన మూడు ఫెర్రీ టికెట్లలో ఒక్కటి కూడా నిజమైన టికెట్ కాదు. ఆ సంగతి జెట్టీలో, పడవ బయలుదేరడానికి అరగంట ముందు తెలిసింది.

ఏజెంటు కార్యాలయం వడపళని వైపు ఉంది. ఫిర్యాదు నడుస్తున్నందున పేరు రాయడం లేదు. ఓఎంఆర్ (చెన్నైలో ఐటీ కంపెనీలుండే రోడ్డు) చుట్టుపక్కల పీజీల్లో, అపార్టుమెంట్లలో ఉండే తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఇతని ప్రకటనలు తెలుగులోనే వస్తాయి. మాట కూడా అంతే ఆప్యాయంగా ఉంటుంది. “మేడమ్, మనవాళ్ళను ఎంతమందిని పంపించామో అడిగి చూడండి. మీరు విమానం దిగితే చాలు, మిగతాది మా పూచీ” అన్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో, హావ్‌లాక్, నీల్ దీవుల్లో డార్మిటరీ పడకలు, మూడు ప్రైవేటు ఫెర్రీ ప్రయాణాలు కలిపి 13,800 రూపాయలు. విమానం ఖర్చు వేరు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఈ ధర నమ్మలేనంత చవక కాదు. విడివిడిగా కొనుక్కున్నా ఇంచుమించు అంతే అవుతుంది. మరీ తక్కువకు ఇస్తామన్నవారినే అనుమానించాలని మనకు అలవాటు. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు.

ఇక జెట్టీ సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరతాయి. ప్రైవేటు ఫెర్రీలు ఎక్కువగా హడ్డో రేవు నుంచి వెళ్తాయి. టికెట్ అంటూ ఏజెంటు నాకిచ్చిన వోచర్ కాగితంలో ‘పోర్ట్ బ్లెయిర్ జెట్టీ’ అని మాత్రమే ఉంది. ఆటో ఆయన ఏ జెట్టీ అని అడిగితే చెప్పడానికి అందులో ఏమీ లేదు. ముందు ఫీనిక్స్ బేకు, అక్కడివాళ్ళు చెబితే హడ్డోకు పరుగెత్తాల్సి వచ్చింది. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, ప్రయాణికుల జాబితాలో పైనుంచి కిందికి వేలు పెట్టి వెతికింది, మళ్ళీ ఒకసారి వెతికింది. నా పేరు లేదు. ఇది తమ సంస్థ టికెట్టే కాదని చెప్పి కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఆ వోచర్ ఎలా ఉంటుందో వివరంగా రాస్తున్నాను, మీ చేతిలో ఉన్న కాగితంతో పోల్చి చూసుకోండి. పైన ఫెర్రీ సంస్థ లోగో ఉంటుంది, కానీ అది ఫోను తెరను ఫొటో తీసి అతికించినట్టు అంచుల్లో మసకగా ఉంటుంది. బుకింగ్ నంబరు అని రాసినది ఏజెంటు తన పుస్తకంలో వేసుకున్న వరుస సంఖ్య. ఫెర్రీ సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే ఏమీ రాదు. సీటు నంబరు ఉండాల్సిన చోట ‘ఖరారు’ అనే ఒక్క మాట. వయసు, గుర్తింపు కార్డు నంబరు గడులు ఖాళీ. కాగితం అడుగున, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, లభ్యతను బట్టి మార్పులు ఉంటాయనే వాక్యం. డబ్బు మొత్తం ముందే పుచ్చుకుని, సీటు ఉంటుందో లేదో మాత్రం లభ్యతకు వదిలేశారన్నమాట.

ఏజెంటుకు ఫోను చేస్తే, “సిస్టమ్ సమస్య మేడమ్, పది నిమిషాల్లో కొత్త టికెట్ పంపిస్తాను” అన్నాడు. ఫెర్రీ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారు చాలామంది ఉన్నారు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. నా అవస్థ చూసి టీ కొట్టు పెద్దాయన దగ్గరకు పిలిచారు. “సీజనులో ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళను చూస్తూనే ఉంటానమ్మా. ఇక్కడ నిలబడి లాభం లేదు. ఫీనిక్స్ బేకు వెళ్ళి ప్రభుత్వ పడవలో చోటుందేమో అడుగు” అన్నారు. టీ డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ రోజు ప్రభుత్వ పడవలోనూ చోటు దొరకలేదు.

బడ్జెట్ ప్రయాణంలో ఒక ఫెర్రీ తప్పితే నష్టం ఒక టికెట్‌తో ఆగదు. హావ్‌లాక్‌లో ఆ రాత్రి పడక పోతుంది, అక్కడి నుంచి నీల్‌కు వెళ్ళాల్సిన రోజు మారుతుంది, తిరుగు ప్రయాణంలో విమానం అందుకుంటామా లేదా అనే బెంగ పట్టుకుంటుంది. నలుగురు కలిసి వెళ్తే అదనపు ఖర్చు పంచుకోవచ్చు. ఒంటరిగా వెళ్ళినవారికి ఆ వీలు లేదు. పైగా అండమాన్‌లో పొద్దు చాలా తొందరగా వాలిపోతుంది, డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. తెలియని ఊళ్ళో, చీకటి పడ్డాక, బరువైన సంచి మోసుకుంటూ గది వెతుక్కోవాల్సి వచ్చిన ఆడపిల్ల పరిస్థితి ఆలోచించండి. డబ్బు తీసుకున్న మనిషి ఆ సమయంలో ఫోను ఎత్తకపోవడాన్ని నేను క్షమించలేను.

తర్వాత హావ్‌లాక్ చేరితే అక్కడి హాస్టల్‌లో మరో సంగతి బయటపడింది. నా పేరున బుకింగ్ ఉంది, కానీ డబ్బు వచ్చాక కట్టే పద్ధతిలో. అంటే ఏజెంటు ఒక్క రూపాయి కూడా కట్టలేదు. నేను సమయానికి చేరలేదు కనుక ఆ బుకింగ్ కూడా రద్దయిపోయింది. నీల్‌లో అయితే అసలు బుకింగే లేదు. హాస్టల్ యజమానుల తప్పేమీ లేదు, వాళ్ళకు అందాల్సిన డబ్బు అందలేదు.

ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో ఫెర్రీ కార్యాలయంలో ఒకరు ఓపికగా వివరించారు. కొందరు ఏజెంట్లు మన దగ్గర మొత్తం ముందుగా తీసుకుంటారు, టికెట్ మాత్రం ప్రయాణం దగ్గర పడేదాకా కొనరు. ఆ డబ్బు ఈలోగా వేరే అవసరాలకు తిరుగుతుంది. చివరి నిమిషంలో సీట్లుంటే కొంటారు. లేకపోతే ప్రయాణికుణ్ణి ప్రభుత్వ పడవ ఎక్కించి తేడా జేబులో వేసుకుంటారు. ప్రైవేటు ఫెర్రీలో ఒక్కో ప్రయాణానికి వెయ్యి రూపాయల పైనే అవుతుంది, ప్రభుత్వ పడవలో కొన్ని వందలతో పోతుంది కనుక ఆ తేడా చిన్నది కాదు. రెండూ కుదరకపోతే మనం జెట్టీలో నిలబడతాం. ఇంకో మెలిక కూడా ఉంది. సముద్రం అల్లకల్లోలంగా ఉండి ఫెర్రీ రద్దయితే, వాపసు సొమ్ము టికెట్ కొన్నవారి ఖాతాకే వెళ్తుంది. కొన్నది ఏజెంటు అయితే అది మన దాకా రావడం ఆయన దయ.

అందుకే దీవుల మధ్య టికెట్లు ఫెర్రీ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనో, ప్రభుత్వ పడవలకైతే అండమాన్ నికోబార్ షిప్పింగ్ సేవల శాఖ నుంచో మీ పేరున, మీ ఫోను నంబరుతో, మీ ఖాతా నుంచి కొనండి. ఏజెంటు ద్వారానే కొనక తప్పని పరిస్థితి ఉంటే, డబ్బు కట్టిన రోజే అసలు టికెట్ అడగండి. బయలుదేరే జెట్టీ, సీటు నంబరు, మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే పేరు, అన్నీ అందులో ఉండాలి. ఆ టికెట్ మీది బుకింగ్ నంబరు పట్టుకుని నేరుగా ఫెర్రీ సంస్థకు ఫోను చేయండి. అలాగే ప్రతి హాస్టల్‌కూ ఫోను చేసి, డబ్బు అందిందా అని అడగండి. ‘బుకింగ్ ఉందా’ అని మాత్రం అడిగితే ఉందనే చెబుతారు, హావ్‌లాక్‌లో నా విషయంలో జరిగింది అదే. టికెట్లను ఫోనులో దాచుకోండి, ఒక కాగితం ప్రతి కూడా ఉంచుకోండి. దీవుల్లో సిగ్నల్ అన్ని చోట్లా సరిగా ఉండదు. ఊళ్ళ పేర్లు చూసి కంగారు పడకండి. హావ్‌లాక్, నీల్ దీవులకు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు 2024లో ప్రకటించారు. అసలు టికెట్లపై కొత్త పేర్లు కనిపించవచ్చు.

బిల్లు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. జీఎస్‌టీ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి పదిహేను ఉంటాయి; తమిళనాడులో నమోదైనదైతే 33తో మొదలవుతుంది. నాకిచ్చిన బిల్లు మీది నంబరు 37తో మొదలైంది, అది ఆంధ్రప్రదేశ్ కోడ్. పైగా లెక్కపెడితే పద్నాలుగే ఉన్నాయి. జీఎస్‌టీ పోర్టల్‌లో నంబరు కొట్టి చూడటానికి నిమిషం కూడా పట్టదు, ఖర్చు లేదు. డబ్బు కూడా సంస్థ ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి యూపీఐకి పంపించమన్నారు. అలా అడిగితే అక్కడే ఆగిపోండి.

చెన్నై తిరిగి వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అది వెళ్ళిన తర్వాతే ఏజెంటు గొంతు మళ్ళీ వినిపించింది. 4,000 రూపాయలు పంపించి, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోలేదు, తీసుకోను. మిగతా సొమ్ము కోసం ఇప్పుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు, రెండేళ్ళ గడువు ఉంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. టికెట్ అంటూ నకిలీ కాగితం పంపించి ఆన్‌లైన్‌లో డబ్బు కాజేసినవారిపై సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా వెంటనే చెప్పండి. ఆలస్యం చేస్తే డబ్బు ఆపడం కష్టం.

మీలో ఎవరికైనా ఇలాంటి వోచరే వచ్చి ఉండి, ప్రయాణం ఇంకా మొదలు కాకపోతే, ఈ రోజే ఫెర్రీ సంస్థకు ఫోను చేసి మీ పేరు జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఏజెంటుకు రాతపూర్వకంగా వాపసు అడగండి, ఫోనులో మాట్లాడి వదిలేయకండి. ఇప్పటికే మోసపోయినవారు వోచర్, యూపీఐ రసీదు, వాట్సాప్ సంభాషణలు ఏవీ చెరిపేయకండి.