రోంద కనన్ టావ్‌లో ఇల్లు: పాంటిప్రీద్, ట్రియోర్కీ, అబర్‌డేర్‌లలో ఏది మేలు?

యూనివర్సిటీ ఆఫ్ సౌత్ వేల్స్ వాళ్ల ట్రెఫారెస్ట్ క్యాంపస్‌లో సీటు వచ్చినవాళ్లూ, కార్డిఫ్‌లో ఉద్యోగం దొరికి అక్కడి అద్దెలు చూసి వెనకాడేవాళ్లూ అడిగే ప్రశ్న ఇదే. ఈ మూడు ఊళ్లూ సౌత్ వేల్స్‌లోని ఒకే కౌంటీ బరో (ఒకే కౌన్సిల్ కింద నడిచే జిల్లా లాంటిది), రోంద కనన్ టావ్ కిందికి వస్తాయి. (ఇంగ్లిష్ స్పెల్లింగులో రెండు ‘డి’లు ఉన్నా పలికేది ‘ద’. చివరి ‘ఎఫ్’ని ‘వ’ అంటారు. నోరు తిరగకపోతే ఆర్‌సీటీ అన్నా అందరికీ అర్థమవుతుంది.)

1996లో రోంద, కనన్ వ్యాలీ, టాఫ్ ఈలై అనే మూడు జిల్లాలను కలిపి ఈ బరో చేశారు. కౌన్సిల్ ఒకటే కాబట్టి చెత్త బండి రూల్సు, కౌన్సిల్ టాక్స్‌లో (ఇంట్లో ఉండేవాళ్లు కౌన్సిల్‌కి కట్టే పన్ను) బరో వాటా ఎక్కడున్నా ఒకటే. పాంటిప్రీద్‌కి విడిగా టౌన్ కౌన్సిల్ ఉంది కనుక బిల్లులో దాని వాటా కొంచెం కలుస్తుంది. ట్రియోర్కీ, అబర్‌డేర్‌లకు అదీ లేదు. ఆ తేడా చూసి ఊరు ఎంచుకోనక్కర్లేదు.

అసలు చూడాల్సింది లోయ. అరచెయ్యి చాపి చూడండి. మణికట్టు దగ్గర పాంటిప్రీద్, పైకి చాచిన వేళ్లు లోయలు. రోంద వావర్, రోంద వాక్ నదులు పోర్త్‌లో కలిసి, పాంటిప్రీద్‌లో టాఫ్ నదిలో పడతాయి. కనన్ నది అబర్‌కనన్ దగ్గర టాఫ్‌లో కలుస్తుంది. వేలికీ వేలికీ మధ్య కొండ. మ్యాప్‌లో ట్రియోర్కీ, అబర్‌డేర్ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. రైల్లో వెళ్లాలంటే మాత్రం పాంటిప్రీద్ దాకా దిగి, మళ్లీ ఇంకో లోయలోకి ఎక్కాలి. కారుంటే రీగోస్ కొండ రోడ్డు ఉంది, కానీ మంచు పడితే దాన్ని మూసేస్తారు.

అందుకే రోజూ రైలెక్కేవాళ్లకు నా ఓటు పాంటిప్రీద్‌కే. ట్రెహర్బర్ట్, అబర్‌డేర్, మర్థర్ లైన్లు మూడూ కార్డిఫ్ వైపు వెళ్తూ అక్కడే కలుస్తాయి, ఒకటి తప్పిపోతే ఇంకోటి వస్తుంది. ట్రియోర్కీలో ఉన్నది ఒక్క లైనే. కరెంటు లైను పనుల కోసం దాన్ని 2023 ఏప్రిల్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా మూసేస్తే అన్నాళ్లూ బస్సులే దిక్కయ్యాయి. ట్రియోర్కీ హైస్ట్రీట్ చక్కగా ఉంటుంది, అద్దెకూ ఇళ్లు కొంచెం నయం. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అది మంచి ఊరే.

అయితే పాంటిప్రీద్‌లో ఎక్కడ పడితే అక్కడ కాదు. 2020 ఫిబ్రవరిలో డెనిస్ తుపానుకూ, 2024 నవంబరులో బెర్ట్ తుపానుకూ నది ఒడ్డు వీధుల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అడ్వాన్సు కట్టకముందే నేచురల్ రిసోర్సెస్ వేల్స్ (అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ) వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టండి. అక్కడ నది వరద, వాననీటి వరద విడివిడిగా చూపిస్తారు. చాలామంది మొదటిది చూసి ఊరుకుంటారు. రోంద లోయలో మాత్రం ముప్పు వెనక కొండ మీంచి వస్తుంది. 2020లో ట్రియోర్కీ పక్కనున్న పెంట్రెలో కల్వర్టు మూతికి కొమ్మలూ చెత్తా అడ్డుపడి నీళ్లు వీధిలోకి మళ్లాయి. నదికి దూరంగా ఉన్నామన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వీధి తలుపు చట్రం గమనించండి. రెండు పక్కలా నిలువు గాడి బిగించి ఉంటే అది వరద పలక దించడానికే. గోడ కింది గాలి రంధ్రాలకు మూతలున్నా అదే గుర్తు. తర్వాత కొండవైపు గదికి వెళ్లి, బీరువా వెనక గోడ తడిమి చూడండి. వాలును తవ్వి కట్టిన పాత రాతిళ్లలో చెమ్మ ముందు అక్కడే పడుతుంది. పాంటిప్రీద్ స్టేషన్ పైనున్న గ్రైగ్ వైపు వరద బెడద తక్కువ. కాకపోతే బియ్యం బస్తాతో ఆ ఎత్తు ఎక్కాలి.

అబర్‌డేర్‌ని కనన్ లోయలోనో మర్థర్ వైపో పని ఉన్నవాళ్లు చూసుకోవచ్చు. కార్డిఫ్‌కి రోజూ తిరగాలంటే దూరం. లాంట్రిసెంట్, పాంటిక్లన్ కారున్నవాళ్లకు. నాణేలు ముద్రించే రాయల్ మింట్, రాయల్ గ్లామోర్గన్ ఆసుపత్రి అటే ఉన్నా లాంట్రిసెంట్‌కి స్టేషన్ లేదు.

ఏ ఊరైనా, ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లను నమోదు చేసే రెంట్ స్మార్ట్ వేల్స్‌లో ఓనరు నమోదై ఉన్నారో లేదో, ఏజెంటు ఉంటే వాళ్లకు దాని లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో దిగిన 14 రోజుల్లో ఒప్పందం రాతపూర్వకంగా మీ చేతికి ఇవ్వాలి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ టాక్స్ లేదు, కానీ యూనివర్సిటీ ఇచ్చే పత్రం కౌన్సిల్‌కి మీరే పంపాలి. కోర్సు అయిపోగానే ఆ మినహాయింపూ పోతుంది. గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చేది) మీద అదే ఇంట్లో ఉండిపోయి, పాత తేదీ నుంచి బిల్లు వస్తే కంగారుపడేవాళ్లు ఎక్కువ.

నీళ్ల సంగతిలో ఎవరిని అడగాలో కూడా తెలిసి ఉండాలి. పెద్ద నదులు నేచురల్ రిసోర్సెస్ వేల్స్ బాధ్యత, మురుగు కాల్వలు వేల్స్ నీటి సంస్థవి, వీధిలో వాననీరూ చిన్న వాగులూ కౌన్సిల్‌వి. కల్వర్టు పూడిపోతే ఫొటో తీసి కౌన్సిల్‌కి పంపి, మీ వార్డు కౌన్సిలర్‌కీ రాయండి. కామన్వెల్త్ పౌరులుగా అక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారతీయులకు ఓటు హక్కుంది. వేల్స్‌లో కౌన్సిల్ ఎన్నికలకు 16 ఏళ్లు నిండితే చాలు. తర్వాతి ఎన్నికలు 2027 మేలో.