ఒంటి 867 మేలా, జంట 800 మేలా? పాత పవర్ మ్యాక్ జీ4 లెక్క

2001 జూలైలో ఆపిల్ సంస్థ ‘క్విక్‌సిల్వర్’ పేరుతో ప్రసిద్ధమైన పవర్ మ్యాక్ జీ4 డెస్క్‌టాప్‌లను విడుదల చేసింది. వాటిలో 867 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక్కటే ఉన్న యంత్రం ధర 2,499 డాలర్లు కాగా, 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్లు రెండున్నది 3,499 డాలర్లు. చిప్ ఒకే కుటుంబానిది. ప్రతి ప్రాసెసర్‌కూ 2 మెగాబైట్ల ఎల్3 క్యాష్, అంటే తరచూ వాడే డేటాను చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీ, ఉంది. ప్రాసెసర్‌నూ మెమరీనీ కలిపే దారి, అంటే మెమరీ బస్, రెండింటిలోనూ 133 మెగాహెర్ట్జే. ఒంటి ప్రాసెసర్‌కూ జంట ప్రాసెసర్లకూ ఉన్న తేడాను తూచడానికి ఇంత దగ్గరి జత దొరకడం అరుదు.

867 యంత్రం 100 సెకన్లలో ముగించే పనిని ఒక్క 800 ప్రాసెసర్‌కు అప్పగిస్తే సుమారు 108 సెకన్లు పడుతుంది. ఆ పనిలో ఏ భాగాన్నీ రెండు ప్రాసెసర్లూ పంచుకోలేకపోతే జంట యంత్రం ఆ 8 సెకన్లు వెనకబడే ఉంటుంది. పంచుకోగల భాగానికి పట్టే సమయం సగమవుతుంది కాబట్టి, దాదాపు 17 సెకన్ల పని పంచుకోగలిగితే చాలు, రెండు యంత్రాలూ సమానమవుతాయి. అంటే మొత్తం పనిలో ఆరో వంతుకన్నా తక్కువే. ఎన్ని ప్రాసెసర్లున్నా పంచుకోలేని భాగమే వేగానికి హద్దు గీస్తుందని కంప్యూటర్ రూపకర్త జీన్ ఆమ్‌డాల్ 1967లో ముందుకు తెచ్చిన సూత్రం సారం ఇదే. 2001 జనవరిలో వచ్చిన మరో జతను, అంటే ఒంటి 733నూ జంట 533నూ ఇలాగే లెక్కిస్తే, సమానం కావడానికే సగానికి మించిన పని పంచుకోగలిగినదై ఉండాలి. ఆ రెండింటిలోని చిప్‌లు వేర్వేరు తరాలవి కనుక ఇది ఉజ్జాయింపు మాత్రమే, అయినా ‘రెండుంటే మేలు’ అని కళ్లు మూసుకుని చెప్పకూడదనడానికి ఆ ఉజ్జాయింపు చాలు.

అయితే ఆరో వంతు పనైనా పంచేది ఎవరు? ఆపిల్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్ ఓఎస్ 9 తనంతట తాను పంచదు. ఫోటోషాప్ వంటి కొన్ని ప్రోగ్రాములు, ప్రత్యేకంగా ఆ విధంగా రాసినవి, తమ ఫిల్టర్లను రెండో ప్రాసెసర్ చేత కూడా చేయించేవి. మిగిలిన సమయమంతా అది ఖాళీగా కూర్చునేది. 2001 మార్చి 24న వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ ఈ పరిస్థితిని మార్చింది. అందులో ఏ పని ఏ ప్రాసెసర్‌కు వెళ్లాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నలే నిర్ణయిస్తుంది, తెరపై విండోలను చూపే పని విడి ప్రోగ్రాముగా నడుస్తుంది, కాబట్టి ఒక ప్రోగ్రాము తన పనిని పంచుకోవడం చేతకానిదైనా, దాని పక్కన నడిచే మిగతావాటి భారం రెండో ప్రాసెసర్ మీదికి పోతుంది. విండోస్ లోకంలోనూ ఇదే కథ: విండోస్ 98 రెండో ప్రాసెసర్‌ను పట్టించుకోదు, విండోస్ 2000 ప్రొఫెషనల్ వాడుకుంటుంది, ఎక్స్‌పీలో హోమ్ ఎడిషన్ ఒక్క ప్రాసెసర్‌తోనే సరిపెట్టుకుంటుంది.

జంట యంత్రానికి మరో బలహీనత ఉంది. రెండు ప్రాసెసర్లూ ఒకే 133 మెగాహెర్ట్జ్ బస్ మీదుగా మెమరీని చేరాలి, ఆ దారిలో సెకనుకు గరిష్ఠంగా సుమారు 1.06 గిగాబైట్లు మాత్రమే ప్రవహిస్తాయి. క్యాష్‌లో ఇమిడే లెక్కలకు ఇది అడ్డు కాదు గాని, పెద్ద బొమ్మనో వీడియోనో మొదటి నుంచి చివరి దాకా చదువుతూ పోయే పనుల్లో ఒక్క ప్రాసెసరే ఆ దారిని నింపేయగలదు. రెండోది క్యూలో నిలబడుతుంది. ప్రతి ప్రాసెసర్‌కూ సొంత బస్ అనే సౌకర్యం ఆపిల్ డెస్క్‌టాప్‌లకు 2003లో జీ5 చిప్‌తో వచ్చింది; ఏఎమ్‌డీ సంస్థ చిప్ అథ్లాన్ ఎంపీ 2001లోనే దాన్ని అందించింది.

ఈనాడు పాత సాఫ్ట్‌వేర్ కోసం ఓఎస్ 9 మాత్రమే నడపదలచినవారికి నా ఓటు 867కే. ఓఎస్ టెన్, అందులోనూ దాని 10.4 టైగర్ వెర్షన్ నడిపేవారికి జంట 800 నిస్సందేహంగా మేలు. ఒక్క మినహాయింపు: 2007 అక్టోబరులో వచ్చిన 10.5 లెపర్డ్ వెర్షన్ ఇన్‌స్టాలర్ జీ4లలో 867 మెగాహెర్ట్జ్‌కు తక్కువైన వాటిని తిరస్కరిస్తుంది. అది చూసేది క్లాక్ వేగాన్నే, అంటే మెగాహెర్ట్జ్ సంఖ్యనే గాని ప్రాసెసర్ల సంఖ్యను కాదు, కాబట్టి అధిక ధరకు అమ్ముడైన జంట యంత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, చవకైన ఒంటి యంత్రం లోపలికి వెళ్తుంది.