ట్విన్‌రిక్స్ రివ్యూ: గే పురుషుల టీకా క్యాంపులకు ఇది సరైన ఎంపికేనా?

హెపటైటిస్-ఎ, హెపటైటిస్-బి రెండింటికీ ఒకటే సూది. బార్ల దగ్గరో ప్రైడ్ వేడుకలోనో బల్ల వేసుకుని టీకాలు వేసే బృందాలకు ట్విన్‌రిక్స్ నచ్చేది అందుకే. మోసుకెళ్లేది ఒక పెట్టె, రాసుకునేది ఒక వరుస. చిక్కల్లా మూడో డోసు దగ్గరే. షెడ్యూలు 0, 1, 6 నెలలు. మొదటి రోజు సరదాగా చెయ్యి చాపినవాళ్లందరూ ఆరో నెలకు మళ్లీ కనిపించరు.

అలా మధ్యలో ఆగినవాళ్లకే నష్టం ఎక్కువ. 1 మి.లీ. ట్విన్‌రిక్స్‌లో హెపటైటిస్-ఎ యాంటిజెన్ (శరీరంలో రక్షణను మేల్కొలిపే పదార్థం) 720 ఎలైసా యూనిట్లు (దాన్ని కొలిచే లెక్క). పెద్దలకిచ్చే విడి టీకా హావ్రిక్స్‌లో 1440. 2016-18లో యూరప్‌లో గే పురుషుల మధ్య హెపటైటిస్-ఎ పాకింది. అలాంటప్పుడు మా ఓటు విడి టీకాకే. ఒక్క డోసుతోనే దాదాపు అందరికీ రక్షణ వస్తుంది, రెండోది 6-12 నెలల మధ్య వేస్తే చాలు. బి కోసం హెప్లిసావ్-బి దొరికితే నెల తేడాతో రెండు డోసుల్లో పని పూర్తవుతుంది.

చేతిలో ట్విన్‌రిక్స్ ఒక్కటే ఉందా? 0, 7, 21-30 రోజుల షెడ్యూలు పట్టండి. 12వ నెలలో నాలుగోది తప్పదు. ఎవరైనా ఆలస్యంగా వస్తే మొదటికి వెళ్లక్కర్లేదు, ఆగినచోటి నుంచే కొనసాగించాలి.

ఇక కోల్డ్ బాక్సు. 2-8 డిగ్రీలు దాటకూడదని అందరికీ తెలుసు. వేడికి భయపడి ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాకులను తిన్నగా టీకాల పక్కన పేరుస్తారు, అక్కడే చెడుతుంది. గడ్డకట్టిన టీకాలో, స్పందన పెంచడానికి కలిపే అల్యూమినియం రేణువులు ముద్దలవుతాయి, మందు శక్తి పోతుంది; కరిగాక చూపుకి తేడా తెలియకపోవచ్చు. ప్యాకును ఊపితే లోపల నీళ్లు కదులుతున్న చప్పుడు రావాలి, అప్పుడే లోపల పెట్టాలి.

పరీక్షకు రక్తం సూదికి ముందే తీయండి. టీకా తర్వాత కొన్నిరోజులపాటు హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్-బి సోకిందేమో చూసే) పరీక్ష తప్పుడు పాజిటివ్ చూపగలదు. అలాగని ఫలితం వచ్చేదాకా టీకా ఆపొద్దు. సూది భుజం కండరానికే. పిరుదుకు వేస్తే హెపటైటిస్-బి భాగానికి శరీర స్పందన తగ్గుతుంది. బి భాగం తయారీలో ఈస్ట్ వాడతారు, అందుకే ఈస్ట్ అలర్జీ ఉందేమో ముందే అడగండి. హెచ్‌ఐవి ఉన్నవాళ్లకు చివరి డోసు తర్వాత 1-2 నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ (హెపటైటిస్-బి నుంచి కాపాడే యాంటీబాడీల స్థాయి) చూడాలి. అది 10 ఎంఐయూ/మి.లీ.కి తగ్గితే మళ్లీ టీకాలే.

గుర్తుచేసే మెసేజ్‌లో టీకా పేరు, క్యాంపు పేరు రెండూ వద్దు. ఆ ఫోను ఇంట్లో ఇంకెవరి చేతిలోనైనా ఉండొచ్చు. తేదీ, చోటు చాలు.